ధర్మసందేహం ఎక్కడ అడగాలి?

పన్నెండేళ్ల కిందటి మాట. గుంటూరులో నేను తెలుగు చెప్పే కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకి గజేంద్రమోక్షం పాఠం నడుస్తోంది. మధ్యాహ్నం రెండింటి క్లాసు. ఫ్యాన్లు తిరుగుతున్నా పిల్లలు నోట్సులతో విసురుకుంటున్నారు. పోతన పద్యం రాగం తీసి చదివాను, ప్రతిపదార్థం చెప్పాను, తాత్పర్యం రాయించాను. చివరి పాదం "కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో" దగ్గర ఆగి, ఈ పద్యం పరీక్షలో తప్పకుండా వస్తుంది, కంఠతా పట్టండి అన్నాను.

మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. ఎప్పుడూ నోరు విప్పే పిల్ల కాదు. "మేడమ్, ఉన్నాడో లేడో అని ఏనుగు అనుమానపడింది కదా. అయినా దేవుడు వచ్చాడు. మరి మా నాన్న విషయంలో మాకు విశ్వాసం చాల్లేదు, అందుకే బతకలేదు అన్నారు. అది నిజమేనా?" అంది.

వాళ్లు క్రైస్తవులు. తండ్రి ఆ ఏడు వేసవిలో కిడ్నీలు పాడై పోయాడు. ఇంటిల్లిపాదీ ఉపవాసాలున్నారు, రాత్రిళ్లు ప్రార్థనలు పెట్టించారు. అంత్యక్రియలు అయిన వారానికి ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చి ఆ మాట అని వెళ్లాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో నాకు తెలిసిందల్లా, అరవైమంది పిల్లలు నా మొహంలోకి చూస్తున్నారని.

"అది మన పాఠంలో లేదమ్మా, కూర్చో" అన్నాను.

కూర్చుంది. ఆ తర్వాత మూడేళ్లలో నన్ను ఇంకో ప్రశ్న అడగలేదు.

ఆ మాట ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించుకున్నాను. భయం ఒకటి. నేను హిందువుని, ఆ పిల్ల క్రైస్తవురాలు, అడిగింది మతం గురించి. ఏం చెప్పినా రేపు ఎవరో ఒకరు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంటారన్న టెన్షన్. కానీ అసలు కారణం అది కాదు. నాకు తెలియదు. ఎమ్మే తెలుగు చదివాను, భక్తి కవిత్వం మీద పీహెచ్‌డీ చేశాను. కందపద్యానికి గణాలు నిద్రలో అడిగినా చెబుతాను. ఆ ఏనుగు "కలడో లేడో" దగ్గర మొదలుపెట్టి, కొద్ది పద్యాల తర్వాత "లావొక్కింతయు లేదు" అంటూ "నీవే తప్ప నితఃపరంబెఱుఁగ" దాకా ఎలా వచ్చిందో, ఆ నడక మీద ఎన్ని వందల ఏళ్లుగా ఎంత వాదం జరిగిందో, నాకు ఏ యూనివర్సిటీలోనూ ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. పద్యం నాకు పద్యంగానే అందింది.

అందుకే ఈ వ్యాసం. మన యూనివర్సిటీల్లో, మన డిగ్రీ కాలేజీల్లో దైవశాస్త్రం చెప్పాలని నా వాదన. భజన కాదు, బోధ కాదు, నీతిపాఠం అంతకన్నా కాదు. దేవుడు, కర్మ, కృప, పాపం, మోక్షం, శూన్యం, ఈ మాటలతో మనుషులు ఏం వాదించారు, ఎలా వాదించారు, ఎదుటివాళ్లు ఏం జవాబిచ్చారు అన్నది ఒక చదువుగా చెప్పాలి.

దైవశాస్త్రం అనే మాట మన చెవికి కొత్తగానే ఉంటుంది. వేదాంతం అందామంటే ఆ మాటకి మనం చేసిన గతి చూడండి. ఎవరైనా కాస్త లోతుగా మాట్లాడితే "వేదాంతం చెప్పకు" అంటాం. పనికిరాని మాటకి మారుపేరు అయిపోయింది. ధర్మసందేహం అన్న మాటా అంతే. ఒకప్పుడు కౌరవసభలో ద్రౌపది అడిగింది ధర్మసందేహం. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది అని అడిగితే భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది అని తప్పుకున్నాడు. ఇవాళ ధర్మసందేహం అంటే టీవీకి ఫోన్ చేసి దీపం ఏ దిక్కున పెట్టాలి అని అడగడం. దీపం గురించి అడగడం తప్పని నేను అనను. ద్రౌపది ప్రశ్న అడగడానికి చోటు లేకుండా పోయిందే అని నా బాధ.

ఆ ఏనుగు దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఆ ఒక్క పద్యం తెరిస్తే ఎంత లోకం కనిపిస్తుందో నాకు ఆలస్యంగా తెలిసింది.

రామానుజుల సంప్రదాయంలో శరణాగతి మీద పెద్ద వాదం ఉంది. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్ల ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం అంటారు. భగవంతుడు కాపాడాలంటే మనిషి వైపు నుంచి ఒక పట్టు ఉండాలా, అక్కర్లేదా? వడకలై, తెంకలై అని శ్రీవైష్ణవులు రెండుగా చీలిన చోట ఉన్న ముఖ్యమైన ప్రశ్నల్లో ఇదొకటి. ఇప్పుడు గజేంద్రుణ్ణి చూడండి. అరిచాడు కదా, అది కోతిపిల్ల పట్టా? లేక బలం, ధైర్యం అన్నీ పోయాక ఇక పట్టుకోవడానికి కూడా ఓపిక లేక వదిలేశాడా? క్లాసులో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు నిద్రపోతారా?

గుంటూరుకి ఇంకో సంగతి ఉంది. 1842లో హేయర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ ఈ ఊరొచ్చాడు. ఆ మిషన్ పెట్టిన కాలేజీయే 1885 నాటి ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ, మనందరి ఏసీ కాలేజీ. వాళ్ల సంఘానికి మూలపురుషుడు మార్టిన్ లూథర్. 1517లో ఆయన మొదలుపెట్టిన గొడవకి గుండెకాయ లాంటి ప్రశ్న కూడా ఇదే: మనిషి తన క్రియల వల్ల రక్షణ పొందుతాడా, దేవుడి కృప వల్లనా? కృప వల్లే అన్నాడు లూథర్. చివరికి నీ విశ్వాసం కూడా నువ్వు సంపాదించుకున్నది కాదు, దేవుడిచ్చిందే అన్నాడు. పిల్లిపిల్ల వైపు మొగ్గాడన్నమాట. రెండు వాదాలూ ఒకటేనని నేను అనడం లేదు. పాపం అన్న మాటకి అక్కడ ఉన్న అర్థం వేరు, ఇక్కడి అర్థం వేరు. కానీ మా గుంటూరు బ్రాడీపేటలో పక్కపక్క ఇళ్లలో ఉండే రెండు కుటుంబాలు ఒకే ప్రశ్న మీద వందల ఏళ్ల పాటు వేరువేరుగా తలలు పగలగొట్టుకున్నాయని వాళ్ల పిల్లలకి తెలియకపోవడం ఏమిటి?

ఇస్లాంలోనూ ఇదే ప్రశ్న ఉంది. ఒంటెను కట్టెయ్యకుండా దేవుడి మీద భారం వేసి వదిలెయ్యనా అని అడిగినవాడితో ముందు కట్టెయ్యి, తర్వాత భారం వెయ్యి అన్నారట ముహమ్మద్ ప్రవక్త. ప్రవక్త మాటల్ని కూర్చిన తిర్మిజీ హదీసుల్లో ఉంది. మనిషి చేసే పనికి కర్త ఎవరు, మనిషా, అల్లానా అన్న దాని మీద ముతజిలా, అష్అరీ అనే రెండు ఇస్లామీయ సంప్రదాయాల పండితుల మధ్య జరిగిన వాదం చదివితే, అది మన తర్కశాస్త్రానికి ఏ మాత్రం తీసిపోదు.

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే బస్సులో పెదకాకాని దాటగానే ఆచార్య నాగార్జున పేరుతో యూనివర్సిటీ కనిపిస్తుంది. 1976లో ఏర్పడింది. రోజూ వేలమంది ఆ గేటు ముందు నుంచి వెళుతుంటారు. ఆ పేరు గల మనిషి ఏం చెప్పాడని అడిగితే ఎంతమంది చెప్పగలరు? దేనికీ స్వతంత్రమైన స్వభావం లేదు, ప్రతిదీ మరొకదాని మీద ఆధారపడి ఉంది, అదే శూన్యత అన్నాడు ఆయన. ఆయన రాసిన మూలమధ్యమకకారికలో 27 ప్రకరణాలున్నాయి. 24వ ప్రకరణం మొదట్లోనే ప్రత్యర్థి లేచి, అంతా శూన్యమైతే నీ బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్యసత్యాలూ శూన్యమేగా, నీ ధర్మమే కూలిపోయిందిగా అని నిలదీస్తాడు. తన మతాన్నే పడగొట్టే ప్రశ్నని అంత బలంగా తనే రాసుకుని, ఆ తర్వాత జవాబు మొదలుపెడతాడు. ఆ యూనివర్సిటీలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది, సంతోషం. కానీ దాని ఫలం నా క్లాసులో కూర్చున్న బీకాం పిల్లవాడి దాకా రాదు.

ఇది మనకి కొత్త కాదు, అదే నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. 7వ శతాబ్దంలో చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ కృష్ణాతీరానికి వచ్చాడు. అమరావతి, ధరణికోట ప్రాంతమని ఎక్కువమంది చెప్పే ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండిపోయాడు. అక్కడ ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే పాత బౌద్ధ శాఖ వాళ్ల తత్వశాస్త్రం, అభిధర్మం చదువుకున్నాడు. వాళ్లిద్దరూ ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు. అంత దూరం నుంచి వచ్చిన పండితుడు మన ఊరివాళ్లకి శిష్యుడూ అయ్యాడు, గురువూ అయ్యాడు. నీది తప్పు, నాది ఒప్పు అనుకుని విడిపోలేదు. నెలల తరబడి ఒకరి పుస్తకం ఒకరు చదివారు. నేను అడుగుతున్న క్లాసు అచ్చంగా ఇదే.

మరి మన చదువుల్లోంచి ఇది ఎలా జారిపోయింది? మన చదువుల మీద బ్రిటిష్ వాళ్లు పంపిన విధానపత్రం, 1854 ఉడ్స్ డిస్పాచ్, ప్రభుత్వ విద్యాలయాల్లో మతబోధ ఉండకూడదంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు లండన్ యూనివర్సిటీ నమూనాలో పుట్టాయి. పరాయి పాలకులకి తమ మీద మతం పేరుతో తిరుగుబాటు రాకుండా చూసుకోవడం అవసరం. వాళ్ల జాగ్రత్త వాళ్లది. తమ దేశంలో ఆక్స్‌ఫర్డ్‌లో, కేంబ్రిడ్జిలో మాత్రం దైవశాస్త్రం మానలేదు. జర్మనీలో ఈనాటికీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో దైవశాస్త్ర విభాగాలున్నాయి. మనమేమో వాళ్లు మన కోసం కట్టిన గోడని మన సొంత గోడ అనుకుని సున్నాలు వేసుకుంటున్నాం.

రాజ్యాంగం ఒప్పుకోదని చాలామంది అంటారు. 28వ అధికరణం చదవండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపు, సాయం ఉన్న మిగతా చోట్ల ఇష్టం లేనివాళ్లని బలవంతపెట్టకూడదు. అంతే. మతాన్ని బోధించడం వేరు, మతం గురించి చెప్పడం వేరు అని 1964–66 కొఠారి విద్యా కమిషన్ తేడా చూపించింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి అధ్యయనం చెయ్యడాన్ని ఈ అధికరణం అడ్డుకోదంది. అడ్డు చట్టంలో లేదు, మన గుండెలో ఉంది.

ఇంకా వెనక్కి వెళితే, స్వాతంత్ర్యం వచ్చాక మొదటి యూనివర్సిటీ విద్యా కమిషన్‌కి అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరుకి వెళ్లిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన 1931 నుంచి 1936 దాకా వైస్ చాన్సలర్. 1948–49లో ఆ కమిషన్ డిగ్రీ పిల్లలందరికీ ఒక పథకం చెప్పింది. మొదటి ఏడు బుద్ధుడు, క్రీస్తు, శంకరుడు, ముహమ్మద్, కబీరు, నానక్ లాంటివాళ్ల జీవితాలు. రెండో ఏడు మతగ్రంథాల్లోంచి అందరికీ చెందే భాగాలు. మూడో ఏడు మత తత్వశాస్త్రంలోని ముఖ్యమైన సమస్యలు. ఏమైంది ఆ మూడో ఏడు? నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ క్లాసు జరగడం నేను చూడలేదు.

రాధాకృష్ణన్ తన మతాన్ని శాస్త్రంగా చదవడం మొదలుపెట్టింది ఎక్కడో తెలుసా? మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో. మిషనరీ పంతుళ్లు హిందూమతాన్ని విమర్శిస్తుంటే మనసు నొచ్చుకుని, అయితే చూద్దాం అని కూర్చుని వేదాంతంలో నీతి మీద 1908లో ఎమ్మే థీసిస్ రాశారు. చెప్పిన పంతులూ చదివిన కుర్రాడూ ఒకే మతం వాళ్లయితే ఆ థీసిస్ పుట్టేది కాదేమో.

ఒక్క విషయంలో మాత్రం ఆయన పథకంతో నాకు పేచీ ఉంది. రెండో ఏట అందరికీ చెందే భాగాలే ఏరి చెప్పాలి అన్నారు. అన్ని మతాల సారం ఒక్కటే అన్న మాట మన సభల్లో చివర చెప్పే వందన సమర్పణ లాంటిది. అది అనగానే అందరూ లేచి వెళ్లిపోవచ్చు. సారం ఒక్కటే అయితే రామానుజుడు శంకరుణ్ణి ఎందుకు అంతగా ఖండించాడు? ముస్లిం ఇంట్లో విగ్రహం ఎందుకు ఉండదు? తేడాలు నిజమైనవి. ఆ తేడాల కోసం మనుషులు జీవితాలు ధారపోశారు. వాటిని మర్యాద కోసం చెరిపెయ్యడం ఆ మనుషుల్ని అవమానించడమే. తేడాని తేడాగా చూసి కూడా ఎదుటివాడితో కలిసి టీ తాగడం నేర్పించాలి.

మన పాత వాదాల్లో దానికి పద్ధతి ఉంది. పూర్వపక్షం. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వే చెప్పాలి. అదీ వాడు చెప్పుకోగలిగిన దానికన్నా బలంగా చెప్పాలి. ఆ తర్వాతే నీ సిద్ధాంతం. నా పరీక్ష పేపరులో ఒకే ఒక్క ప్రశ్న ఉంటుంది: నువ్వు ఒప్పుకోని ఒక మాటని, దాన్ని నమ్మేవాడు చదివి "అవును, నేను అనేది ఇదే" అనేలా రాయి. దీనికి తిలకం పెట్టుకున్నవాడికీ, టోపీ పెట్టుకున్నవాడికీ, శిలువ వేసుకున్నవాడికీ, ఏదీ లేనివాడికీ ఒకే మార్కులు.

ఏదీ లేనివాళ్ల మాట కూడా చెప్పాలి. ఈ కృష్ణా, గుంటూరు జిల్లాలు నాస్తికులకీ పుట్టిల్లే. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకి వచ్చింది. గాంధీగారితో కూర్చుని దేవుడి గురించి మాట్లాడిన మనిషి ఆయన. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాల మీద చేసిన దాడి అంత పదునుగా ఉందంటే, ఆయన పురాణాల్ని భక్తులకన్నా శ్రద్ధగా చదివారు కాబట్టి. ఇవాళ ఫోన్లో దేవుణ్ణి తిట్టేవాళ్లలో ఆ చదువు కనిపించదు. దేవుణ్ణి పొగిడేవాళ్లలోనూ కనిపించదు. మంచి నాస్తికుడు తయారవ్వాలన్నా దైవశాస్త్రం కావాలి.

జాషువా సంగతి నాకు ఇంకా దగ్గరిది. 1895లో వినుకొండలో పుట్టిన కవి. గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి ఒక దళితుడు కబురు పంపుతాడు. గబ్బిలాన్నే ఎందుకు? గుళ్లోకి అతనికి ప్రవేశం లేదు, దానికి ఉంది. గుడి తలుపు మూసింది మనుషులైతే లోపలున్న దేవుడు ఎవరి పక్షం? ఇంతకన్నా సూటి దైవశాస్త్ర ప్రశ్న తెలుగులో ఇంకొకటి నాకు తెలియదు. దాన్ని కూడా మేం సందేశకావ్య లక్షణాలు, పది మార్కులు అని చెప్పేశాం. 1981లో బెంగళూరు థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత దైవశాస్త్రం అనే చదువు మొదలైందంటారు. అంతకు నలభై ఏళ్ల ముందే మన గుంటూరు జిల్లా కవి ఆ పని పద్యాల్లో చేసి పెట్టాడు.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. ఇది చదువుతూ ఎవరైనా అనుకుంటూనే ఉంటారు: మంచిదే, కానీ ఆ క్లాసు ఎవరి చేతుల్లోకి పోతుంది? రేపు అధికారంలో ఉన్నవాళ్లు తమ మతమే దైవశాస్త్రం అంటే? ఈ భయం నాకూ ఉంది. తేలిగ్గా తీసెయ్యలేను. విభాగం పెట్టగానే నియామకాలు వస్తాయి, నియామకాలు రాగానే సిఫార్సులు వస్తాయి. సిలబస్ కమిటీలో ఒక పేరు మారితే పుస్తకంలో ఒక అధ్యాయం మారుతుంది. దీనికి నా దగ్గర పక్కా మందు లేదు. ఇష్టమైనవాళ్లే తీసుకునే పేపరుగా ఉండాలి, ఏ ఒక్క సంప్రదాయంతోనూ సిలబస్ నిండకూడదు, పూర్వపక్షం లేని పాఠం ఉండకూడదు. ఇవి కంచెలు. కంచె దూకేవాడు దూకుతాడు.

అయితే అవతలి వైపు కూడా చూడండి. క్లాసు లేకపోతే మతం ఖాళీగా కూర్చుంటుందా? అది ఇప్పటికే ఎవరో ఒకరి చేతుల్లో ఉంది. పొద్దున్న లేవగానే ఫ్యామిలీ గ్రూపులో పడే వీడియోలో ఉంది. ఆ వీడియోకి సిలబస్ కమిటీ లేదు, పరీక్ష లేదు, చెయ్యెత్తి ప్రశ్న అడిగే మూడో బెంచీ లేదు. చదివిన పండితులు లేరా అంటే ఉన్నారు, ఎవరి గోడల వెనక వాళ్లు. పాస్టరు కావాలనుకున్నవాడు క్రైస్తవ దైవశాస్త్ర డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ కింద బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ చేస్తాడు. తిరుపతిలో వేదం చదివేవాళ్లున్నారు. మదరసాలో చదివి ఆలిం, అంటే మతపండితుడు అయ్యేవాళ్లున్నారు. వీళ్లంతా తమవాళ్ల కోసం తయారవుతారు. వీళ్లు ఒకరికొకరు తారసపడే చోటు, బీకాం పిల్లవాడు వీళ్ల ముందు కూర్చునే చోటు యూనివర్సిటీ ఒక్కటే కాగలదు. అలీగఢ్‌లో దైవశాస్త్ర విభాగంలో సున్నీ, షియా శాఖలు రెండూ ఉన్నాయి. పటియాలా పంజాబీ యూనివర్సిటీలో 1967లోనే మతాల అధ్యయన విభాగం పెట్టారు. మన దేశంలో కుదరదు అనడానికి లేదు.

ఉద్యోగం వస్తుందా అంటారు. ఆస్పత్రిలో, పోలీసు స్టేషన్లో, కోర్టులో, న్యూస్ డెస్కులో పనిచేసేవాళ్లకి రోజూ తగిలేది ఈ విషయమే. అంతకు మించి ఆ ప్రశ్న మీద నాకు చెప్పాలని లేదు.

నా సంగతి చెబుతాను. ఆ క్లాసు జరిగిన నాలుగేళ్లకి మా తమ్ముడు పోయాడు. నలభై ఒక్క ఏళ్లు, గుండె. పదో రోజు పిండాలు పెట్టడానికి విజయవాడ ఘాట్‌కి వెళ్లాం. మా అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. చీర అంచు నీళ్లలో తడుస్తున్నా తియ్యలేదు. బంధువుల్లో పెద్దాయన ఒకరు పక్కన కూర్చుని, ఓదార్చడానికే, "ఏ జన్మలో చేసుకున్న కర్మో అక్కయ్యా, వాడు అనుభవించాడు, మీరూ అనుభవిస్తున్నారు" అన్నారు. మా అమ్మ ఆయన వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. కొడుకు పోయిన దుఃఖం ఒకటైతే, దాని మీద నేరం ఇంకొకటి మోపారు. ఆ చూపులో నాకు మూడో బెంచీ అమ్మాయి కనిపించింది. విశ్వాసం చాల్లేదు అనడమూ, పాత కర్మ అనడమూ రెండు వేరు మతాల మాటలు. పడిన దెబ్బ ఒక్కటే.

ఆ ఇద్దరు పెద్దమనుషులూ చెడ్డవాళ్లు కారు. తమ మతం ఆ విషయం మీద ఏం వాదించుకుందో వాళ్లకి తెలియదు, అంతే. ఆ తర్వాతే నేను చదవడం మొదలుపెట్టాను. మా వీధిలో రిటైరైన పాస్టరుగారు ఒకరున్నారు, అందరూ అయ్యగారు అంటారు. బీడీ చదివిన మనిషి. ఒక సాయంత్రం వెళ్లి ఆ అమ్మాయి ప్రశ్న ఆయనకి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్లి బైబిలు తెచ్చి మార్కు సువార్త 9వ అధ్యాయం తీశారు. జబ్బుపడిన కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి. నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అని ఏడుస్తాడు. పిల్లవాడు బాగవుతాడు.

"మీ ఏనుగూ ఇదే అంది కదమ్మా" అన్నారు అయ్యగారు. తర్వాత యోబు గ్రంథం తీశారు. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు రాత్రులు, ఏడు పగళ్లు ఒక్క మాట మాట్లాడకుండా పక్కన నేల మీద కూర్చుంటారు. తర్వాత నోరు విప్పి, నువ్వేదో పాపం చేసే ఉంటావు అంటారు. 42వ అధ్యాయంలో దేవుడికి కోపం వచ్చేది యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీద. "ఆ పిల్లకి ఆ మాట చెప్పినవాడు ఈ అధ్యాయం దాకా రాలేదమ్మా" అన్నారు. ఆయన గొంతు వణికింది. నా తప్పు కూడా ఉంది, మేం చెప్పలేదు అన్నారు.

మా భారతంలో అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో ఇలాగే వాదిస్తుంది. ధర్మం తప్పని నీకు ఈ అడవి ఏమిటి, ఆ సృష్టికర్త మనుషుల్ని బొమ్మల్లా ఆడిస్తున్నాడా అంటుంది. నాస్తికురాలిలా మాట్లాడుతున్నావు అంటాడు ధర్మరాజు. కానీ వ్యాసుడు ఆమె మాటలు కొట్టెయ్యలేదు, పూర్తిగా రాశాడు. మా అమ్మకి ఇది చదివి వినిపించాను. కర్మ మాట గురించి ఆవిడ ఏమీ అనలేదు. "ద్రౌపది అడిగిందా అలా?" అని రెండుసార్లు అడిగింది.

కాలేజీలో దీని మీద నెలకో ప్రసంగం పెడదామని రాసిచ్చాను. అన్ని సంప్రదాయాల వాళ్లనీ పిలుద్దాం, పిల్లలు ప్రశ్నలు అడుగుతారు అన్నాను. మనకెందుకమ్మా ఈ తలనొప్పి, ఏ ఫోటో ఎక్కడ తిరుగుతుందో అన్నారు. కాగితం తిరిగొచ్చేసింది. అందుకని రెండేళ్లుగా శనివారం సాయంత్రాలు మా ఇంట్లోనే కూర్చుంటున్నాం. అయ్యగారు, ఒక ఉర్దూ లెక్చరర్, సంస్కృతం మాస్టారు ఒకరు, దేవుడే లేడనే లాయరుగారు, నేను. మంచి సాయంత్రాలే. కానీ ఇది కాలేజీకి బదులు కాదు. మా అందరికీ యాభై దాటాయి. లైబ్రరీ లేదు, అయ్యగారి ఒక్క పుస్తకమే చేతులు మారుతుంది. పంతొమ్మిదేళ్ల పిల్లలు మా ఇంటి మెట్లు ఎక్కరు. ఆ ప్రశ్న పుట్టే వయసు వాళ్లది.

ఆ అమ్మాయి ఇప్పుడు విజయవాడలో డయాలసిస్ టెక్నీషియన్. తండ్రి జబ్బు చూసే ఆ కోర్సు చేసిందట. పోయిన ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ల రద్దీలో కనిపించింది. నేనే ఆపి, పన్నెండేళ్ల కింద నిన్ను కూర్చోమన్నాను, తప్పు చేశాను అన్నాను. జనం తోసుకుంటూ వెళుతున్నారు. పక్కకి జరిగి, అయ్యగారు చెప్పింది చెప్పాను, తండ్రి మాట, ముగ్గురు స్నేహితుల మాట. కళ్లు తుడుచుకుంది.

"మా దగ్గర పేషెంట్లు నాలుగేసి గంటలు పడుకుంటారు మేడమ్. రక్తం మిషన్లోకి పోతుంటే చూస్తూ ఏం పాపం చేశానమ్మా అని నన్నే అడుగుతారు. నేను ఏమీ చెప్పను. ఖాళీ ఉంటే స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటాను" అంది.

శనివారం రమ్మన్నాను. డ్యూటీ మార్చుకుని వస్తానంది. రెండు శనివారాల నుంచి వస్తోంది. యోబు 16వ అధ్యాయం దగ్గర ఉన్నాం.